లైసెన్సు మంజూరైంది. సాధన యాడ, ఎట్లా చెయ్యల్ల?

ప్రొద్దుటూరు_శెట్టి (కడప జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరులో బంగారం అంగడి, తాతల నాటి వ్యాపారం. సరుకు పెట్టుకొని కడపకు పోతుంటాం, అప్పుడప్పుడు గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటి దిక్కుకు కూడా పోవల్సి వస్తుంది. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఆర్మ్స్ లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నా, పోలీసు విచారణ అయింది, కలెక్టరేట్ నుంచి మంజూరు వచ్చింది. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ తీసుకుందామని అనుకుంటాండా.

అర్జీతో ఇవ్వాల్సిన ఎస్-1 శిక్షణ సర్టిఫికెట్ కోసం నేర్పించినారు. తూటాలు ఎక్కించేది, దించేది, పట్టుకునేది, కాల్చేది అన్నీ చూపించినారు, బాగానే చెప్పినారు. కానీ అది మొదటి మెట్టు. నిజంగా ఎవడన్నా మీద పడితే చెయ్యి తిరగల్ల గదా. సాధన యాడ చెయ్యల్ల? ఇంట్లో చేసుకునేది ఏమన్నా ఉందా? ఇంట్లో చిన్నపిల్లోళ్ళు ఉన్నారు, అది కూడా మనసులో పెట్టుకొని చెప్పండి.

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

శెట్టిగారూ, చాలామంది తుపాకీ కొని బీరువాలో పెట్టినాక ఇట్లా అడుగుతారు. మీరు కొనకముందే అడిగినారు, సంతోషం. నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్.ఎస్.ఐ.గా (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్) రిటైరైనా. కొత్తగా వచ్చిన పిల్లోళ్ళకు ఆయుధం నేర్పడంలోనే నా సర్వీసు ఎక్కువగా గడిచింది.

చెయ్యి తిరగడం తర్వాత. ముందు నాలుగు నియమాలు ఒంటికి పట్టల్ల. అమెరికా మెరైన్ మాజీ అధికారి జెఫ్ కూపర్ వీటిని వాడుకలోకి తెచ్చినాడు, ఇప్పుడు యాడ నేర్పినా ఇవే. ఏ తుపాకీ చేతికొచ్చినా అందులో తూటా ఉందనే అనుకోవల్ల, మీరే ఇప్పుడు ఖాళీ చేసి పెట్టినా సరే. కాల్చదలుచుకోని దేనివైపూ గొట్టం మూతి తిరగకూడదు. గురి కుదిరి, కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, ఫ్రేమ్ పక్కన చాపి ఉండల్ల. గురి పెట్టింది ఏదో, దాని వెనకాల ఏముందో రెండూ చూసుకోవల్ల.

ఇవి ఒకదానికొకటి కాపలా. వేలు తప్పి ట్రిగ్గర్ మీద పడినా, గొట్టం నేల దిక్కు ఉంటే మనిషి బతుకుతాడు. రెండు నియమాలు ఒకేసారి తప్పిన చోటే ఇంట్లో శవం లేస్తుంది. అందుకే నేను కొత్తవాళ్ళకు కాల్చడం నేర్పకముందు ఉత్త రివాల్వర్ చేతికిచ్చి గదిలో తిప్పేవాణ్ణి. తలుపు తెరవమంటా, కింద పడిన కాగితం తియ్యమంటా, ఎవరన్నా పిలిస్తే తిరగమంటా. వాళ్ళ గొట్టం ఎటు తిరుగుతాందో, వేలు యాడ ఉందో చూస్తా. పేరు పెట్టి పిలిచినప్పుడు సగం మంది గొట్టంతో సహా తిరుగుతారు. ఆ అలవాటు పోయినాకనే తూటా చేతికిచ్చేది.

రేంజ్ సంగతి, డ్రై ప్రాక్టీసు (తూటా లేకుండా చేసే సాధన) సంగతి తీరిగ్గా రాస్తా.

బద్వేలు_కుర్రోడు

శెట్టి అన్నా, ఇంత ఆలోచన ఏంటికి? మా దిక్కు మూతపడిన క్వారీలు బోలెడు. ఒకటి చూసుకొని సీసాలు పెట్టి కాల్చుకుంటే సరిపాయె. మాకు తెలిసినోళ్ళు అట్లే నేర్చుకున్నారు.

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

తమ్ముడూ, ఈ మాట ఎవరన్నా నమ్మి పోతారేమోనని వెంటనే రాస్తున్నా. క్వారీకి పోవద్దు. కొండకు పోవద్దు. తోటకు పోవద్దు.

మన సీమ అంతా రాయి. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ. సీసపు గుండు ఏటవాలుగా రాతికి తగిలితే అణిగిపోదు, దిశ మార్చుకొని లేచిపోతుంది. నేరుగా తగిలితే పగిలి ముక్కలు నలుదిక్కులా చిమ్ముతాయి, కాల్చినోడి కంటికే వస్తాయి. క్వారీ మూడు దిక్కులా రాతి గోడే గదా. గుండు ఎటు పోతుందో దేవుడికి కూడా తెలీదు. గొర్రెలు మేపుకునే మనిషి ఆ గట్టు అవతల కూర్చోని ఉంటాడు. అసలైన రేంజ్‌లో గుండు వెనకాల ఎత్తైన మెత్తటి మట్టి కట్ట ఉంటుంది, దాన్ని బట్ అంటాం. అందులో రాళ్ళు లేకుండా ఏరి పెడతారు. గుండును మింగేది ఆ మట్టే.

ఇంట్లో కూడా ఇదే సమస్య. మన ఇండ్లల్లో నేల బండపరుపు, పాత మిద్దెల్లో గోడ రాతికట్టు. రాత్రిపూట దొంగ వచ్చినాడని హాల్లో కాలిస్తే, తగలని గుండు ఆ బండ మీద లేచి పక్క గదిలోకి పోవచ్చు. శెట్టిగారూ, మీ ఇంట్లో ఏ మూల నుంచి ఏ మూలకు గొట్టం పెడితే వెనకాల పిల్లల గది రాదో పగటిపూటే నడిచి చూసుకోండి.

కల్లూరు_వకీలు (కర్నూలు)

ఆర్.ఎస్.ఐ. గారి మాటకు చట్టం వైపు నుంచి కొంత కలుపుతాను. లైసెన్సు ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ కాల్చే హక్కు రాదు. ఎన్ని తూటాలు ఒకసారి దగ్గర పెట్టుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. మీ లైసెన్సు జిల్లాకా, రాష్ట్రమంతటికా అన్నది కూడా చూసుకోండి. సరిహద్దు దాటి కర్ణాటకలోకి సరుకుతో పోయినప్పుడు ఆ ఒక్క గీత మీద కేసు పడుతుంది. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బహిరంగ స్థలంలో తుపాకీ పైకి కనపడకూడదు. హోల్‌స్టర్‌లోనో, అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి, మీ అదుపులోనే ఉండాలి. 2019 సవరణతో లైసెన్సు కాలం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది, ఒక మనిషి పెట్టుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్ళిలో, జాతరలో సంబరానికి నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక అసలు ప్రశ్న, ఎప్పుడు కాల్చవచ్చు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. ప్రాణం తీసేంత దాకా ఆ హక్కు ఎప్పుడు వర్తిస్తుందో 38 చెప్తుంది. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయం అవుతుందనో సహేతుకమైన భయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివి. ఆస్తి విషయానికి 41. దోపిడీ, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం, నివాసానికి నిప్పు పెట్టడం, ఇంకా ప్రాణభయం కలిగించే తీరులో జరిగే దొంగతనం.

ఇక్కడే జనం పొరబడతారు. మెడలో గొలుసు తెంపుకొని బండి మీద పారిపోయేవాడి వీపు మీద కాల్చడం ఆత్మరక్షణ కాదు. గొలుసు లాక్కోవడం 304 కింద వేరే నేరం, మూడేళ్ళ దాకా శిక్ష. ప్రాణభయం లేనప్పుడు దానికి మరణం బదులు కాదు. శరీరానికి ప్రమాదమన్న భయం ఉన్నంతసేపే హక్కు. వాడు వెనుదిరిగి పరుగెత్తాడా, మీ హక్కు కూడా అక్కడితో ఆగింది. అవసరానికి మించిన హాని చేయకూడదని 37 స్పష్టంగా అంటుంది. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే పిలవాలనీ అంటుంది.

ఆత్మరక్షణ అని రుజువు చేసే భారం నిందితుడిదే, కొత్త సాక్ష్య చట్టం 108వ సెక్షన్. అయితే ప్రాసిక్యూషన్ మాదిరి అనుమానానికి తావులేనంత రుజువు అక్కర్లేదు, సంభావ్యత మీవైపు మొగ్గితే చాలు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు మీద సూత్రాలన్నీ ఒకచోట చేర్చింది. ఒళ్ళంతా భయంతో ఉన్న మనిషి తన దెబ్బను తక్కెడలో తూచి కొట్టలేడని కోర్టులు ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నా విచారణ తప్పదు. అది నేను రోజూ చూసేదే.

సీమ_అమ్మాయి_లెక్చరర్ (అనంతపురం)

నా దగ్గర తుపాకీ లేదు, కావాలనీ లేదు. కానీ ఈ చర్చ చదివితే ఒకటి అడగాలనిపించింది. 2014లో కాన్పూర్‌లో నిర్భీక్ అని ఆడవాళ్ళ కోసమని .32 రివాల్వర్ తెచ్చారు. బరువు అర కిలో, ధర లక్ష పైమాటే. సాయంత్రం కాలేజీ నుంచి జె.ఎన్.టి.యు. రోడ్డు మీద స్కూటీలో ఇంటికి పోయే మా పిల్లలకు ఆ లక్ష ఎక్కడిది? ఇరవై ఒకటి నిండందే లైసెన్సు రాదు. వచ్చినా హ్యాండ్‌బ్యాగ్ అడుగున పడి ఉండే ఆయుధం ఏ సమయానికి చేతికొస్తుంది?

మేము పిల్లలతో చేసే సాధన చెప్తాను. అరవడం. నవ్వకండి, అది అన్నిటికన్నా కష్టం. గొంతు పెగలక నిలబడిపోయే పిల్లలే ఎక్కువ. గుండెల్లోంచి ‘దూరంగా పో’ అని అరవడం రావడానికే వారాలు పడుతుంది. తర్వాత చెయ్యి పట్టుకుంటే బొటనవేలి వైపు మెలితిప్పి లాక్కోవడం, మోచేతితో కొట్టడం, పరుగెత్తడం. కొట్టేది గెలవడానికి కాదు, పారిపోయేంత సందు దొరకడానికి. పెప్పర్ స్ప్రేకి లైసెన్సు అక్కర్లేదు. కానీ మూత ఎటు తిరుగుతుందో చీకట్లో వేలికి తెలియాలి, ఎదురుగాలిలో కొడితే మన కళ్ళలోకే వస్తుంది, గడువు తేదీ దాటితే ఒత్తిడి పోతుంది. పాతవి పడెయ్యకుండా ఆరుబయట వాటితోనే సాధన చేయిస్తాం.

ఫోన్లో 112, మహిళలకు 181, పోలీసుల శక్తి యాప్. యాప్ దింపుకోవడం కాదు, నంబర్లు నమోదు చేసి వాడడం తెలిసి ఉండాలి. ఆర్.ఎస్.ఐ. గారూ, తుపాకీ లేనివాళ్ళకు మీరేం చెప్తారు?

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

అమ్మా, మీరు చేస్తున్నదే అసలు శిక్షణ. నేను ఆయుధం ఉన్నోళ్ళకు కూడా అదే ముందు చెప్తా.

ఇందాక చెప్పిన కూపర్ మనసు స్థితికి రంగులు పెట్టినాడు. తెలుపు అంటే లోకం పట్టని స్థితి, ఫోన్లో మునిగి నడిచేది. పసుపు అంటే నెమ్మదిగా ఉంటూనే చుట్టూ గమనించేది. నారింజ అంటే ఒక మనిషి మీదనో, ఒక బండి మీదనో అనుమానం నిలిచింది. ఎరుపు అంటే ఏం చెయ్యల్లనో తేల్చుకున్నాం, వాడు ఆ గీత దాటితే చేసేస్తాం. బయట ఉన్నంతసేపూ పసుపులో ఉండమంటాడు. బండి ఆపేముందు అద్దంలో చూసేది, ఏటీఎం నుంచి బయటకొచ్చేముందు గాజులోంచి చూసేది, రెండు మలుపులు తిరిగినా అదే బండి వెనకాల ఉంటే ఇంటికి పోకుండా నేరుగా పోలీసు స్టేషన్‌కు పోయేది. ఇవన్నీ పసుపులో ఉన్నోడికే సాధ్యం.

దూరం కూడా అంతే. 1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు ఒక లెక్క తేల్చి రాసినాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరుగెత్తి మీద పడడానికి సుమారు ఒకటిన్నర సెకను. హోల్‌స్టర్ నుంచి తుపాకీ తీసి గురి పెట్టి కాల్చడానికి బాగా సాధన ఉన్నోడికీ అంతే పడుతుంది. వేటకొడవళ్ళ సీమలో పుట్టినోళ్ళం, ఈ లెక్క మనకు ఎక్కువ అర్థం కావల్ల. వాడు ఏడు గజాల లోపలికి వచ్చేసినాక నడుము దగ్గర చెయ్యి పెట్టుకుంటే లాభం లేదు. పక్కకు జరగల్ల, మధ్యలో కారో బల్లో అడ్డం వచ్చేట్టు చూసుకోవల్ల. కాళ్ళు కదలకుండా తుపాకీ మాత్రమే తీసే సాధన సగం సాధనే.

కోవెలకుంట్ల_వాసి

చాలాకాలంగా చదువుతుంటా, రాయను. ఇది చదివినాక ఉండబట్టలేదు.

మా ఊరి పేరు చెప్పను. ఫ్యాక్షన్ ఉన్న ఊరు. నా చిన్నప్పుడు గడ్డివాముల్లో నాటు బాంబులు దాచేవాళ్ళు, ఆడుకునే పిల్లోళ్ళకు దొరికి చేతులు పోయినాయి. లైసెన్సు తుపాకులు, గన్‌మన్లు ఉన్న పెద్దమనుషులే పోయినారు. ఏ ఇంట్లో ఆయుధం ఉందో ఆ ఇంటికే ఎదుటోళ్ళు ఇంకా పెద్ద గుంపుతో వచ్చినారు. తుపాకీ ధైర్యమిస్తుంది, ఆ ధైర్యంతోనే మనిషి పోకూడని చోటికి పోతాడు, అనకూడని మాట అంటాడు. శెట్టిగారూ, మీకు లైసెన్సు ఇచ్చినారు, తప్పనను. కానీ సరుకును మీరే మోసుకుపోయే పద్ధతి మార్చుకునే దారి లేదా? ఇద్దరు ముగ్గురు వ్యాపారులు కలిసి కాపలా బండి పెట్టుకోలేరా?

ప్రొద్దుటూరు_శెట్టి (కడప జిల్లా)

అన్నా, మీ మాట కొట్టిపారేసేది కాదు. జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ ఉంది, సరుకు పోతే బీమా వస్తుంది. వ్యాపారుల్లో నలుగురం కూర్చోని బండి విషయం మాట్లాడినాం. అది కుదిరినా, నెలకు కొన్నిసార్లు ఒంటరిగా పోక తప్పదు. నేను సరుకు కోసం ఎవరినీ చంపదలుచుకోలేదు. బ్యాగు అడిగితే ఇచ్చేస్తా. బ్యాగు తీసుకొని కూడా కొడవలి ఎత్తితే ఏం చెయ్యల్ల, అదొక్కటే నా భయం.

కల్లూరు_వకీలు (కర్నూలు)

శెట్టిగారూ, మీరు ఇప్పుడు రాసిన వాక్యమే చట్టం గీసిన గీత. దాన్ని అట్లాగే మనసులో ఉంచుకోండి.

కళ్యాణదుర్గం_రైతు

మాకు పంట కాపలా కోసమని నాయన పేరు మీద సింగిల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. శనక్కాయ చేన్లో అడవిపందులు పడితే బెదిరించేదానికి. నాయన పోయినాక అది ఇంట్లో పెట్టుకోవచ్చునా, ఏం చెయ్యల్ల?

కల్లూరు_వకీలు (కర్నూలు)

రైతన్నా, నాన్నగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. మీ పేరు మీద లైసెన్సు లేకుండా అది ఇంట్లో ఉంటే మీ మీద కేసు. రేపే పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్సుకు అర్జీ పెట్టుకోవచ్చు.

కడప_డాక్టరమ్మ

వైద్యం చేసేదాన్ని కాబట్టి ఎవరూ ఎత్తని రెండు విషయాలు రాస్తున్నాను.

మొదటిది చెవులు. తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. చెవి లోపలి సన్నటి కణాలు ఒక్క దెబ్బతో చనిపోవచ్చు, అవి మళ్ళీ పుట్టవు. రేంజ్‌కు పోయినప్పుడు చెవి లోపల ప్లగ్గు, పైన మఫ్, రెండూ పెట్టుకోండి. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కాల్చాక చేతులు, మొహం సబ్బుతో కడుక్కోకుండా తినకండి, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకండి. సీసం పొడి పిల్లల మెదడుకు విషం.

రెండోది చెప్పడానికి మనసుకు కష్టం. ఇంట్లో తుపాకీ ఉంటే దొంగ కన్నా ఎక్కువగా ఇంట్లోవాళ్ళకే ప్రమాదం, అందులోనూ ఆత్మహత్య. ఆ ఆలోచన చాలామందిలో కొద్ది నిమిషాల ఉప్పెన. ఆ నిమిషాల్లో చేతికి ఏది అందుతుందన్నదాన్ని బట్టి మనిషి బతుకుతాడు, పోతాడు. మాత్రలు మింగినవాళ్ళలో చాలామందిని బతికించుకుంటాం. తుపాకీ ఆ అవకాశం ఇవ్వదు. వ్యాపారంలో దెబ్బ తిన్నా, పరీక్ష తప్పినా, ఇంట్లో ఎవరైనా ముభావంగా మారి నిద్రపోకుండా ఉన్నా, వెంటనే ఆయుధాన్ని ఇంటి నుంచి బయటికి పంపండి. ఇందాక వకీలుగారు చెప్పినట్టు స్టేషన్లోనో, డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యండి. ఇది సిగ్గుపడే పని కాదు. మాట్లాడుకోవడానికి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో పలుకుతారు.

పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన ఉక్కు పెట్టె గోడకు బోల్టులతో బిగించి ఉండాలి. తూటాలు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి పూజగదిలో, పోపుల డబ్బాలో దాచడం దాచడం కాదు. పిల్లలకు ఇంట్లో దాచిన చోట్లన్నీ తెలుసు.

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

డాక్టరమ్మ చెప్పింది ప్రతి లైసెన్సుదారూ చదవల్ల. ఇప్పుడు శెట్టిగారి డ్రై ప్రాక్టీసు.

తూటాలు లెక్కగా దొరుకుతాయి, ధర కూడా ఎక్కువ. కాబట్టి సాధనలో ఎక్కువ భాగం తూటా లేకుండానే జరుగుతుంది. పోలీసులోనూ అంతే, కొత్తవాడు రేంజ్‌కు పోయేముందు ఎన్నో గంటలు ఉత్త ఆయుధంతోనే చేస్తాడు. గది ఒకటి ఎంచుకోండి. తూటా అన్నది ఆ గదిలోకి రాకూడదు. రివాల్వర్ తెరిచి తూటాలు పెట్టే ఆరు చాంబర్లూ కంటితో చూడండి, వేలి కొసతో తడమండి. తర్వాత డ్రిల్ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వెయ్యండి, లేకుంటే ఉత్త సుత్తి (హ్యామర్) దెబ్బలకు తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ దెబ్బతింటుంది. గురి పెట్టే గోడ వెనకాల మనుషులు తిరగకూడదు. పుస్తకాలు నింపిన బీరువా వెనకాల ఉంటే ఇంకా మేలు. మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరన్నా పిలిచినా సాధన ముగిసినట్టే. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆరు చాంబర్లూ చూడల్ల. ‘ఇంకొక్కసారి’ అని తూటాలు ఎక్కించినాక ట్రిగ్గర్ లాగినోళ్ళ వల్లనే ఇండ్లల్లో గోడలకు బెజ్జాలు పడేది.

రివాల్వర్‌ను ఎంత ఎత్తుగా పట్టుకుంటే అంత తక్కువ ఎగురుతుంది. కుడి అరచెయ్యి పిడి వెనకాల పైకి నొక్కుకోవల్ల, ఎడమ చెయ్యి దాని చుట్టూ చుట్టుకోవల్ల. ఎడమ చేతి వేళ్ళు సిలిండర్ (చాంబర్లు ఉన్న తిరిగే భాగం) ముందుకు ఎప్పుడూ పోకూడదు. సిలిండర్‌కు, బారెల్‌కు మధ్య సన్నటి సందు ఉంటుంది, కాల్చినప్పుడు మంట, సీసపు తునకలు దాంట్లోంచే పక్కకు చిమ్ముతాయి. పిస్టల్ పట్టుకునే పద్ధతిలో బొటనవేళ్ళు ముందుకు చాపి రివాల్వర్ పట్టుకుంటే వేలు కాలుతుంది.

సుత్తి ముందే ఎత్తి పెట్టి కాల్చడం రేంజ్‌లో సుఖంగా ఉంటుంది, ట్రిగ్గర్ మెత్తగా పడుతుంది. భయంలో వణికే చేతికి ఆ మెత్తదనమే ప్రమాదం. మీరు ట్రిగ్గర్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకే లాగుగా లాగి కాల్చడమే సాధన చెయ్యండి. పొడుగ్గా, బరువుగా ఉంటుంది, మొదట్లో ఫోర్‌సైట్ (గొట్టం కొసన ఉండే గురి ముక్క) కుడి ఎడమలకు ఊగుతుంది. బారెల్ మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి, అది పడకుండా సుత్తి పడేదాకా లాగండి. కన్ను ఫోర్‌సైట్ మీదే నిలవల్ల, గోడ మీది గుర్తు మసకగా కనపడినా పర్వాలేదు. రోజూ పది నిమిషాలు చాలు. చెయ్యి అలసిపోయినాక చేసేది చెడ్డ అలవాటు నేర్పుతుంది.

రేంజ్‌లో ఐదు నుంచి ఏడు మీటర్ల దూరం నుంచే కాల్చండి, అంతకన్నా దూరం మీ అవసరం కాదు. తూటా పేలకుంటే గొట్టం బట్ వైపే పెట్టి ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలొచ్చు. చప్పుడు బలహీనంగా, ‘టప్’మని వస్తే అక్కడే ఆపెయ్యండి. గుండు బారెల్‌లోనే ఇరుక్కొని ఉండొచ్చు, దాని వెనక ఇంకొకటి కాలిస్తే ఆయుధం చేతిలోనే పగులుతుంది.

రేంజ్ యాడ అంటే, కర్నూలు రెండో బెటాలియన్, కడప దగ్గర భాకరాపేట పదకొండో బెటాలియన్, మా అనంతపురం పద్నాలుగో బెటాలియన్, జిల్లా పోలీసు రేంజ్‌లు ఇవన్నీ సిబ్బంది కోసం. ఎస్పీ గారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకొని అడగండి, ఇచ్చేది లేనిది వాళ్ళ నిర్ణయం. లేదంటే అనుమతి ఉన్న రైఫిల్ క్లబ్బులో సభ్యత్వం తీసుకోండి.

ఎన్‌సీసీ_కేడెట్ (కర్నూలు)

శెట్టి అంకుల్, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కూడా ఆలోచించండి. 0.177 బోరు, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పెల్లెట్లు చవక. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే, ట్రిగ్గర్ కొంచెం కుదిపినా ఎనిమిదిలోకి పోతుంది. ఊపిరి, గురి, వేలు ఈ మూడూ దాంతో బాగా తెలుస్తాయి. లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ పతకం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే కదా.

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

మంచి సలహా నాయనా. గురికి, ట్రిగ్గర్‌కు దాన్ని మించింది లేదు. ఒంటిచేత్తో నిలబడి నింపాదిగా కాల్చే ఆట అది, హోల్‌స్టర్ నుంచి తీసేది, కదిలేది అందులో రాదు. రెండూ కలిపి చేసుకోవల్ల. ఎయిర్ గన్‌కు కూడా ఆ నాలుగు నియమాలే, కన్ను పోగొట్టేదానికి పెల్లెట్ చాలు.

ప్రొద్దుటూరు_శెట్టి (కడప జిల్లా)

ఒక్క సందేహం మిగిలింది. అంగట్లో ఉన్నప్పుడు కత్తులతో లోపలికి వస్తే? కొనేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కూర్చోని ఉంటారు.

కల్లూరు_వకీలు (కర్నూలు)

ప్రాణాంతక దాడి జరుగుతున్నప్పుడు, అమాయకులకు దెబ్బ తగిలే ప్రమాదం లేకుండా రక్షించుకోవడం కుదరకపోతే ఆ ప్రమాదానికి తెగించే హక్కు 44వ సెక్షన్ ఇస్తుంది. అది కాగితం మీద ఉన్న హక్కు. మీ గుండు ఒక పాపకు తగిలితే సెక్షన్ మిమ్మల్ని కోర్టులో కాపాడవచ్చు, ప్రొద్దుటూరు వీధిలో కాపాడదు. చట్టం ఇచ్చే హద్దు కన్నా మీ హద్దు లోపలే గీసుకోండి.

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

జనం ఉన్న అంగట్లో తియ్యొద్దు శెట్టిగారూ. సరుకు ఇచ్చెయ్యండి. చేతులు కనపడేట్టు పెట్టండి, మొహాలు, చెప్పులు, మాటతీరు, బండి గుర్తుపెట్టుకోండి. కౌంటర్ కింద అలారం బటన్, లోపలికి ఒక్కొక్కరే వచ్చే రెండు తలుపుల ఏర్పాటు, సీసీ కెమెరా రికార్డు వేరేచోట భద్రపడే ఏర్పాటు, వీటికి పెట్టే డబ్బు రివాల్వర్ డబ్బు కన్నా ముందు ఖర్చు పెట్టండి. వాళ్ళు సరుకు తీసుకొని కూడా మనుషుల మీద కత్తి ఎత్తితే, వెనకాల గోడ తప్ప ఎవరూ లేరని తేలితే, అప్పుడే ఆలోచన.

ఘాట్ రోడ్డు మీద ఏదైనా జరిగి కాల్చాల్సి వస్తే, ప్రమాదం ఆగిందని తేలగానే ఆయుధం హోల్‌స్టర్‌లో పెట్టండి. 112, 108 రెండింటికీ ఫోన్ చెయ్యండి. పడినవాడు శత్రువైనా అంబులెన్స్ పిలిచేది మీరే కావల్ల. ఖాళీ తూటా డొప్పలు ఏరకండి, ఏదీ కదపకండి. పోలీసులు వచ్చేసరికి చేతిలో తుపాకీ ఉండకూడదు.

కల్లూరు_వకీలు (కర్నూలు)

పోలీసులకు మొదట చెప్పే మాట నిజం కావాలి, క్లుప్తంగా ఉండాలి. ‘నా మీద దాడి జరిగింది, ప్రాణభయంతో కాల్చాను, ఫోన్ చేసింది నేనే, వివరంగా మా వకీలు సమక్షంలో చెప్తాను.’ ఆవేశంలో, గర్వంగా అన్న ఒక్క ముక్క ఏళ్ళతరబడి మీ వెంటపడుతుంది.

ఇంకొకటి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధం డిపాజిట్ చెయ్యమని స్టేషన్ నుంచి కబురు వస్తుంది. మన జిల్లాల్లో అది తప్పదు. రసీదు మీద ఆయుధం నంబరు, తూటాల సంఖ్య రాయించుకోండి. నిజంగా ప్రాణహాని ఉంటే, ఆయుధాల డిపాజిట్ విషయం చూసే స్క్రీనింగ్ కమిటీని మినహాయింపు అడగవచ్చు. ఆ నెలల్లో రివాల్వర్ మీ దగ్గర ఉండదు కాబట్టి, లెక్చరర్ గారు చెప్పిన అరుపు, పరుగు, 112 మీకూ కావాలి.

సీమ_అమ్మాయి_లెక్చరర్ (అనంతపురం)

శెట్టిగారూ, మీ అంగట్లో పనిచేసే అమ్మాయిలకు కూడా ఆ అరుపు నేర్పించండి. అలారం బటన్ ఎక్కడుందో అందరికీ తెలియాలి. ఆర్.ఎస్.ఐ. గారూ, మా కాలేజీకి వచ్చి ఆ రంగుల పాఠం పిల్లలకు చెప్తారా?

ఏఆర్_రిటైర్డ్ (అనంతపురం)

తప్పకుండా వస్తానమ్మా. ఆయుధం తీసుకురాను, పాత హెల్మెట్లు, రబ్బరు కత్తులు తెస్తా. పిల్లల్ని ఆటబట్టల్లో రమ్మనండి, ఉపన్యాసం తక్కువ, పరుగు ఎక్కువ ఉంటుంది.

శెట్టిగారూ, రివాల్వర్ తీసుకునే రోజు డీలర్ దగ్గరే తెరిచి, సిలిండర్ చేత్తో తిప్పి, ప్రతి చాంబరూ బారెల్‌తో సరిగ్గా కుదిరి ఆగుతాందో లేదో చూడండి. పిడి మీ చేతికి చిన్నదైతే కొనొద్దు. దానిమీది నంబరు లైసెన్సులో ఎక్కించినాకనే ఇంటికి తీసుకుపోండి. ఉక్కు పెట్టె అప్పటికే గోడకు బిగించి ఉండల్ల.

ప్రొద్దుటూరు_శెట్టి (కడప జిల్లా)

పెట్టెకు ఆర్డర్ ఇచ్చినాను సార్. కాపలా బండి విషయం ఈ వారం వ్యాపారులతో తేల్చుకుంటా. ఎస్పీ ఆఫీసుకు రేంజ్ అర్జీ రాసేటప్పుడు లైసెన్సు జిరాక్సుతో పాటు ఎస్-1 జిరాక్సు కూడా జతచేస్తే చాలునా?

కల్లూరు_వకీలు (కర్నూలు)

రెండూ జతచెయ్యండి, అర్జీ రెండు ప్రతులు తీసుకుపోయి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.